కుళాయి నీటిలో క్రిమిసంహారక ఉపోత్పన్నాలు: తెలుసుకోవడం, కొలవడం, తగ్గించుకోవడం

నీటిలోని రోగక్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ ఆ ఒక్క పనితో ఆగదు. ఆకులు, వేళ్లు, నాచు కుళ్లినప్పుడు నీటిలో కరిగిపోయిన సేంద్రియ పదార్థంతోనూ అది చర్య జరుపుతుంది, ఆ చర్యలో అంతకుముందు ఆ నీటిలో లేని రసాయనాలు పుడతాయి. వీటిని క్రిమిసంహారక ఉపోత్పన్నాలు అంటారు. నది నీటిలో కనిపించని క్లోరోఫామ్ శుద్ధి చేసిన నీటిలో ఎందుకు కనిపిస్తోందో 1974లో రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలోని రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ వివరించారు. అదే సంవత్సరం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశోధకులు కూడా విడిగా అదే సంగతిని బయటపెట్టారు. అప్పటినుంచి ఇప్పటివరకు ఇలాంటి పదార్థాలను 700కు పైగా గుర్తించారు. వాటిలో చట్టపరమైన పరిమితి ఉన్నవి మాత్రం చాలా కొద్ది.

ఇంట్లో తాగే నీటి గురించి తానే నిర్ణయం తీసుకోవలసిన వ్యక్తికీ, సొంత బావికో ట్యాంకుకో క్లోరిన్ కలుపుకొనేవారికీ, సరఫరా సంస్థను సరైన ప్రశ్న అడగదలచినవారికీ ఈ మార్గదర్శి ఉద్దేశించినది. మెట్ల వరుసను మార్చకుండా చదవాలని మనవి. ముందు పరీక్ష చేయించకుండా ఫిల్టరు కొనడమూ, ఫిల్టరు సంగతి తెలియకుండా క్లోరిన్‌ను మానేయడమూ ఈ విషయంలో తరచుగా జరిగే రెండు పొరపాట్లు.

మొదటి మెట్టు: రెండు ప్రమాదాలలో ఏది ముందుదో తేల్చుకోవడం

క్లోరిన్ లేని నీటివల్ల వచ్చే హాని గంటల్లో, రోజుల్లో కనిపిస్తుంది. ఉపోత్పన్నాల వల్ల రాగల హాని, వస్తే, దశాబ్దాల తరువాత వస్తుంది. 2000 సంవత్సరం మే నెలలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న వాకర్టన్ అనే చిన్న పట్టణంలో భారీ వర్షాలకు పశువుల పేడ ఒక బావి నీటిలోకి చేరింది. అక్కడ క్లోరిన్ మోతాదును సరిగా చూసుకోకపోవడంతో ఇ.కోలై అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా కుళాయిల దాకా వెళ్లింది. సుమారు 5,000 మంది ఉన్న ఆ ఊళ్లో 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఉపోత్పన్నాల గురించి ఎంత కఠినంగా మాట్లాడేవారైనా ఈ సంఘటనను మరచిపోయి మాట్లాడకూడదని నా నిశ్చితాభిప్రాయం.

అందువల్ల ఈ మార్గదర్శి అంతటికీ ఆధారమైన నియమం ఒక్కటే. క్రిమిసంహారాన్ని తగ్గించకూడదు, క్లోరిన్‌తో కలిసి ఉపోత్పన్నాలుగా మారే సేంద్రియ పదార్థాన్ని ముందుగా తగ్గించాలి, అప్పటికే ఏర్పడిన వాటిని తాగే చోట తొలగించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఉపోత్పన్నాలను అదుపు చేసే ప్రయత్నంలో క్రిమిసంహారం విషయంలో రాజీపడకూడదని స్పష్టంగా చెబుతున్నాయి.

రెండవ మెట్టు: ఇవి ఎప్పుడు ఎక్కువగా పుడతాయో అర్థం చేసుకోవడం

క్లోరిన్ నీటిలో కరగగానే హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. క్రిములను చంపేదీ, సేంద్రియ పదార్థంతో చర్య జరిపేదీ ఇదే. నేలలోనూ చెరువులలోనూ కుళ్లిన మొక్కల నుంచి వచ్చే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు ఈ చర్యకు ప్రధానమైన ముడిసరుకు, టీ రంగు నీటికి ఆ రంగునిచ్చేవి కూడా ఇవే. కాబట్టి నదులు, చెరువులు, జలాశయాల నీటిలో ఉపోత్పన్నాలు ఎక్కువగానూ, లోతైన బోర్ల నీటిలో సాధారణంగా తక్కువగానూ ఉంటాయి. అయితే బోరు నీరు తేటగా ఉన్నా, సముద్రపు ఉప్పునీరు చొరబడినచోట బ్రోమైడ్ అనే లవణం ఎక్కువగా ఉంటుంది. క్లోరిన్ ఆ బ్రోమైడ్‌ను హైపోబ్రోమస్ ఆమ్లంగా మారుస్తుంది, అది సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కంటే వేగంగా చర్య జరిపి బ్రోమిన్ కలిగిన ఉపోత్పన్నాలను పుట్టిస్తుంది. బ్రోమిన్ కలిగినవి సాధారణంగా క్లోరిన్ మాత్రమే ఉన్నవాటి కంటే ఎక్కువ విషపూరితమైనవి కనుక ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు.

వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, అందుకే వెచ్చని నెలల్లో తీసిన నమూనాలో ట్రైహాలోమీథేన్లు (క్లోరోఫామ్, దాని కుటుంబంలోని ఉపోత్పన్నాలు) చల్లని నెలల్లో తీసినదాని కంటే బాగా ఎక్కువగా కనిపిస్తాయి. నీరు క్లోరిన్‌తో కలిసి గొట్టాలలో, ట్యాంకులలో గడిపే కాలం కూడా అంతే ముఖ్యం. శుద్ధి కేంద్రం గేటు దగ్గర తక్కువగా ఉన్న ట్రైహాలోమీథేన్లు, రెండు మూడు రోజులు ప్రయాణించి చివరి వీధికి చేరేసరికి ఎన్నో రెట్లు కావచ్చు. ఉపోత్పన్నాలలో మరో పెద్ద కుటుంబమైన హాలోఅసిటిక్ ఆమ్లాల నడక మాత్రం వేరు. క్లోరిన్ దాదాపుగా తరిగిపోయిన చివరి గొట్టాలలో వాటిని కొన్ని రకాల బ్యాక్టీరియా తినివేయడం వల్ల అవి తగ్గిపోవచ్చు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత అయిన పీహెచ్ విషయంలోనూ ఈ రెండు కుటుంబాలకూ పొంతన లేదు. పీహెచ్ పెరిగితే ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి, తగ్గితే హాలోఅసిటిక్ ఆమ్లాలు పెరుగుతాయి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడం కుదరదని దీనివల్ల తెలుస్తుంది.

మూడవ మెట్టు: ఏ పదార్థం, ఏ హాని

ట్రైహాలోమీథేన్లు నాలుగు: క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫామ్. ఇవి ఆవిరై గాలిలో కలిసే గుణం కలవి. హాలోఅసిటిక్ ఆమ్లాలకు ఆ గుణం లేదు, అవి నీటిలోనే ఉండిపోతాయి. క్లోరిన్ వాడిన నీటిలో బరువు లెక్కన అత్యధికంగా ఉండేవి ఈ రెండు కుటుంబాలే. క్రిమిసంహారక పద్ధతి మారితే ఉపోత్పన్నమూ మారుతుంది. బ్రోమైడ్ ఉన్న నీటికి ఓజోన్ పట్టిస్తే బ్రోమేట్ వస్తుంది. క్లోరిన్ డైఆక్సైడ్ వాడితే అందులో సగానికి పైగా క్లోరైట్‌గా మిగులుతుంది. క్లోరిన్ కోసం నీటిలో కలిపే హైపోక్లోరైట్ ద్రావణం పాతబడితే క్లోరేట్‌ను మోసుకొస్తుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరామిన్ వాడితే ట్రైహాలోమీథేన్లు తగ్గుతాయి గానీ, ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ పుట్టే అవకాశం పెరుగుతుంది. అది లీటరుకు నానోగ్రాములలో కొలవవలసినంత తక్కువ మోతాదులోనే ఆందోళన కలిగించే పదార్థం.

ఆరోగ్యం విషయానికి వస్తే, మనుషులపై జరిగిన అధ్యయనాలలో ఎక్కువ నిలకడగా కనిపించినది మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం. ట్రైహాలోమీథేన్లు ఎక్కువగా ఉన్న నీటిని దశాబ్దాలపాటు వాడినవారిలో ఈ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించింది. యూరోపియన్ యూనియన్ దేశాల సమాచారంతో 2020లో వెలువడిన ఒక విశ్లేషణ, అక్కడ ఏటా వచ్చే మూత్రాశయ క్యాన్సర్ కేసులలో సుమారు 5 శాతం, అంటే దాదాపు 6,500 కేసులు, ఈ పదార్థాలకు గురికావడం వల్ల కావచ్చని అంచనా వేసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ అధ్యయనాలలో ట్రైహాలోమీథేన్లు మొత్తం మిశ్రమానికి గుర్తుగా మాత్రమే నిలిచాయి. అసలు దోషి వాటితోపాటు పుట్టే మరొక పదార్థం కావడానికీ ఆస్కారం ఉంది. గర్భిణులలో శిశువు బరువు కొద్దిగా తగ్గడంతో సంబంధాన్ని కొన్ని అధ్యయనాలు చూపాయి, మరికొన్ని చూపలేదు. పెద్దపేగు క్యాన్సర్ విషయంలోనూ ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైక్లోరోఅసిటిక్ ఆమ్లం, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం, పొటాషియం బ్రోమేట్‌లను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి వర్గంలో చేర్చింది. ఎన్‌డీఎంఏను అంతకంటే బలమైన ఆధారాలున్న 2ఎ వర్గంలో పెట్టింది. అదే సంస్థ 1991లో క్లోరిన్ కలిపిన తాగునీటిని మొత్తంగా పరిశీలించి, వర్గీకరించడానికి ఆధారాలు చాలవని 3వ వర్గంలో ఉంచింది. ఈ వర్గాలు ఆధారం ఎంత బలంగా ఉందో చెబుతాయే తప్ప, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. భయపెట్టే రాతలు చాలావరకు ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లనే పుడతాయి. క్లోరైట్, క్లోరేట్‌ల హాని వేరే దారిలో ఉంటుంది. అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలవు. క్లోరేట్ దీనికి తోడు థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను గ్రహించకుండా అడ్డుపడుతుంది.

నాలుగవ మెట్టు: నీటి నివేదికను సరిగా చదవడం

సరఫరా సంస్థ వార్షిక నాణ్యతా నివేదికను ప్రచురిస్తుంటే ముందు దాన్ని తెచ్చుకోవాలి, లేకపోతే రాతపూర్వకంగా అడగాలి. అందులో మొత్తం ట్రైహాలోమీథేన్లు, హాలోఅసిటిక్ ఆమ్లాలు అనే రెండు వరుసలను వెతకాలి. ప్రమాణం లీటరుకు మైక్రోగ్రాములలో ఉంటుంది, దీన్నే కొందరు పీపీబీ అని రాస్తారు. మిల్లీగ్రాములలో ఇస్తే 1,000తో గుణించి మైక్రోగ్రాములలోకి మార్చుకోవాలి.

అమెరికా 1979లో మొత్తం ట్రైహాలోమీథేన్లకు 100 మైక్రోగ్రాముల పరిమితిని పెట్టింది. 1998లో దాన్ని 80కి తగ్గించి, ఐదు హాలోఅసిటిక్ ఆమ్లాల మొత్తానికి 60, బ్రోమేట్‌కు 10 మైక్రోగ్రాముల చొప్పున పరిమితులు చేర్చింది. యూరోపియన్ యూనియన్ ట్రైహాలోమీథేన్ల మొత్తానికి 100 మైక్రోగ్రాములను పాటిస్తూ, 2020 నాటి కొత్త ఆదేశంలో హాలోఅసిటిక్ ఆమ్లాలకు 60ని చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మరోలా ఉంటుంది. అది నాలుగు ట్రైహాలోమీథేన్లకు విడివిడిగా విలువలు ఇచ్చింది: క్లోరోఫామ్‌కు 300, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 60, మిగిలిన రెండింటికీ 100 చొప్పున. కొలిచిన ప్రతి విలువనూ దాని మార్గదర్శక విలువతో భాగించి, వచ్చిన నాలుగు సంఖ్యలనూ కూడితే 1కి మించకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ నివేదికలో క్లోరోఫామ్ 60, బ్రోమోడైక్లోరోమీథేన్ 24, డైబ్రోమోక్లోరోమీథేన్ 15, బ్రోమోఫామ్ 5 అని ఉందనుకోండి. భాగిస్తే వరుసగా 0.2, 0.4, 0.15, 0.05 వస్తాయి, కూడితే 0.8. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ నీరు పరిమితిలోనే ఉంది. కానీ నాలుగింటి మొత్తం 104 కనుక అమెరికా పరిమితినీ, యూరప్ పరిమితినీ కూడా దాటింది. పైగా 24 మైక్రోగ్రాముల బ్రోమిన్ పదార్థం 60 మైక్రోగ్రాముల క్లోరోఫామ్‌కు రెట్టింపు వాటాను ఈ కూడికలోకి తెచ్చింది. మొత్తం సంఖ్య ఒక్కటే ఇచ్చే నివేదిక ఈ తేడాను దాచేస్తుంది. కనుక నాలుగు విలువలూ విడిగా ఇమ్మని అడగడం మీ హక్కుగా భావించండి.

సగటు విలువలో మరో మెలిక ఉంది. అమెరికా నిబంధనలలో ప్రతి నమూనా స్థలంలోనూ నాలుగు త్రైమాసికాల సగటును చూస్తారు. 45, 70, 120, 65 అనే నాలుగు ఫలితాల సగటు 75. కాగితం మీద ఉల్లంఘన లేదు, అయినా వెచ్చని మూడు నెలల్లో ఆ వీధివారు తాగినది 120 ఉన్న నీరు. జీవితకాలం తాగడాన్ని దృష్టిలో పెట్టుకొని పరిమితిని నిర్ణయించినందున ఒక్క త్రైమాసికపు పెరుగుదల అత్యవసర పరిస్థితి కాదు. కానీ గర్భం వంటి తక్కువ కాలపు దశలను తలచుకున్నప్పుడు, సగటుతోపాటు గరిష్ఠ విలువనూ చూడడమే వివేకం.

ఐదవ మెట్టు: మీ కుళాయి దగ్గర పరీక్ష

నివేదిక లేకపోయినా, మీ ఇల్లు గొట్టాల చివరన ఉన్నా, సొంత ట్యాంకులో నీరు రోజుల తరబడి నిలిచినా ప్రయోగశాల పరీక్ష తప్పదు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు ఉపోత్పన్నాలను చూపించదు. రంగు మారే పట్టీలు మిగులు క్లోరిన్‌ను మాత్రమే చెబుతాయి. ముక్కుకు తగిలే వాసన కూడా నమ్మదగిన కొలబద్ద కాదు, ఎందుకంటే ఘాటైన వాసన ఉన్న నీటిలో ట్రైహాలోమీథేన్లు తక్కువగానూ, వాసనే లేని పాత నీటిలో ఎక్కువగానూ ఉండవచ్చు.

నమూనా తీయడంలో జరిగే తప్పు వల్ల ఫలితం నిజం కంటే తక్కువగా రావడమే సాధారణం. ప్రయోగశాల ఇచ్చే చిన్న గాజు సీసాలనే వాడాలి. మిగులు క్లోరిన్‌ను ఆపే రసాయనం వాటిలో ముందే ఉంటుంది, అది లేకపోతే సీసాలోనే చర్య సాగి విలువ పెరిగిపోతుంది, కనుక సీసాను కడగకూడదు. కుళాయికి ఉన్న జాలీని విప్పి, చల్లని నీటిని కొన్ని నిమిషాలు వదిలి, తరువాత ధారను సన్నగా చేసి, నురుగు రాకుండా సీసాను అంచు దాకా నింపాలి. మూత పెట్టి తలకిందులు చేసినప్పుడు గాలి బుడగ కనిపించకూడదు. బుడగ ఉంటే ట్రైహాలోమీథేన్లు నీటిని వదిలి అందులోకి చేరతాయి. నమూనాను మంచుతో చల్లగా ఉంచి త్వరగా అప్పగించాలి. హాలోఅసిటిక్ ఆమ్లాలకు వేరే సీసా, వేరే పరీక్ష ఉంటాయి కనుక రెండూ కావాలని ముందే చెప్పాలి. ఒక్కసారే చేయించగలిగితే ఏడాదిలో అత్యంత వెచ్చని నెలలో చేయించండి.

ఆరవ మెట్టు: తాగే నీటిలో తగ్గించడం

ఇళ్లలో చాలామంది మొదట చేసేది మరిగించడం. దాని ఫలితం సగమే మేలైనది. క్లోరోఫామ్ 61 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కనుక మూత తీసిన పాత్రలో నీరు కొన్ని నిమిషాలు తెర్లితే ట్రైహాలోమీథేన్లు చాలావరకు గాలిలోకి పోతాయి. కిటికీ తెరిచి ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు. కానీ హాలోఅసిటిక్ ఆమ్లాలు ఇలా ఆవిరై పోవు. వేడికి వాటిలో కొన్ని విచ్ఛిన్నమైనా, మరికొన్ని మిగులు క్లోరిన్ వల్ల పెరగవచ్చు కూడా. బ్రోమేట్, క్లోరేట్ వంటివి అలాగే ఉండి, నీరు ఇగిరే కొద్దీ మరింత చిక్కబడతాయి. కాబట్టి క్రిములను చంపడానికి మరిగించడం మంచి పద్ధతి, ఉపోత్పన్నాలన్నింటికీ దానినే పరిష్కారంగా నమ్ముకోవడం పొరపాటు. నీటిని రాత్రంతా తెరిచిన పాత్రలో ఉంచితే క్లోరిన్ వాసన పోతుంది, ట్రైహాలోమీథేన్లు మాత్రం కొద్దిగానే తగ్గుతాయి. మూత పెట్టి ఉంచితే, క్లోరిన్ ఉన్నంతసేపూ పెరుగుతూనే ఉంటాయి.

చాలా ఇళ్లకు తగిన సాధనం యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు. అయితే కార్బన్ అని రాసి ఉన్న ప్రతిదీ ఒకటి కాదు. అమెరికన్ ప్రమాణాలలో ఎన్‌ఎస్‌ఎఫ్ ఆన్సీ 42 ధ్రువీకరణ రుచి, వాసన, క్లోరిన్‌లకు సంబంధించినది. ట్రైహాలోమీథేన్లను తగ్గిస్తుందని నిర్ధారించేది 53వ ప్రమాణం, అదీ ఆ పదార్థం పేరు ధ్రువపత్రంలో స్పష్టంగా ఉన్నప్పుడే. కార్బన్‌కు క్లోరోఫామ్‌ను పట్టి ఉంచే సామర్థ్యం తక్కువ కనుక, క్లోరిన్ వాసనను ఇంకా బాగా తీస్తున్న ఫిల్టరు కూడా అప్పటికే క్లోరోఫామ్‌ను వదిలేస్తూ ఉండవచ్చు. వాసన తిరిగి వచ్చేదాకా ఆగి మార్చేవారు ఎన్నో వారాలు ఖాళీ ఫిల్టరును నమ్ముకున్నట్లే. తయారీదారు చెప్పిన లీటర్ల లెక్కను బట్టి మార్చాలి, తేదీని ఫిల్టరు మీదే రాసి పెట్టుకోవాలి. పెద్ద కార్బన్ దిమ్మె, నెమ్మదైన ధార ఉన్నవి, పలుచని కూజా ఫిల్టర్ల కంటే మెరుగ్గా పనిచేస్తాయి. వేడి నీటిని వాటిలోనుంచి పంపకూడదు.

కార్బన్ దాటిన నీటిలో క్లోరిన్ ఉండదు, అంటే దానికి కాపలా లేదు. ఆ నీటిని శుభ్రమైన మూత ఉన్న పాత్రలో పట్టి, ఒక రోజులోపు వాడేయాలి. కొన్ని రోజులు ఇల్లు విడిచి వెళ్లివస్తే మొదటి కొన్ని లీటర్లను పారబోయాలి. ఇదే కారణంగా ఇల్లంతటికీ కలిపి ఒక పెద్ద కార్బన్ ఫిల్టరు పెట్టించుకోమని నేను సాధారణంగా సలహా ఇవ్వను. ఇంటి గొట్టాలన్నీ క్లోరిన్ లేకుండా పోయి, వాటిలో బ్యాక్టీరియా పొరలు పెరిగే వీలు కలుగుతుంది.

ఆర్‌ఓ పొర హాలోఅసిటిక్ ఆమ్లాలు, బ్రోమేట్, క్లోరేట్ వంటి విద్యుదావేశం ఉన్నవాటిని బాగా ఆపుతుంది. చిన్న అణువైన క్లోరోఫామ్‌ను అంత బాగా ఆపలేదు, ఆ పని ఆర్‌ఓ యంత్రంలోని కార్బన్ గొట్టాలది. కాబట్టి పొరను మార్చి కార్బన్‌ను మార్చకపోవడం సగం యంత్రాన్ని వాడినట్లే. ఇళ్లలో అమర్చే యూవీ దీపం క్రిములకే గానీ ఈ పదార్థాలకు పనికిరాదు. గుడ్డ, సిరామిక్ క్యాండిల్, ఇసుక వడపోతలు కూడా అప్పటికే ఏర్పడి కరిగి ఉన్న ఉపోత్పన్నాలను తీయలేవు.

ఏడవ మెట్టు: స్నానం, ఈత

ట్రైహాలోమీథేన్లు నోటి ద్వారానే కాక ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళతాయి. సుమారు పది నిమిషాల వేడి షవర్ స్నానంలో శరీరానికి చేరే క్లోరోఫామ్, రోజంతా తాగే నీటి ద్వారా చేరేదానితో పోల్చదగినంత ఉంటుందని కొలతలు చూపాయి. తాగిన క్లోరోఫామ్ ముందు కాలేయానికి చేరి అక్కడ చాలావరకు మార్పు చెందుతుంది. పీల్చినదీ, చర్మం గుండా ఇంకినదీ నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకని నివేదికలో విలువలు ఎక్కువగా ఉన్నవారు స్నానాల గది కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం, నీటి వేడినీ స్నానపు సమయాన్నీ కొంత తగ్గించడం చేయాలి. వీటికి ఖర్చు లేదు, ఫలితం మాత్రం ఉంది.

ఈత కొలనులలో ముడిసరుకు మన ఒంటిదే. చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న లేపనాలు క్లోరిన్‌తో కలిసి ట్రైహాలోమీథేన్లను మాత్రమే కాక, కళ్లనూ ఊపిరితిత్తులనూ మండించే ట్రైక్లోరామిన్‌ను కూడా పుట్టిస్తాయి. కొలను దగ్గర వచ్చే ఘాటైన వాసన ఎక్కువగా దానిదే. దిగేముందు సబ్బుతో స్నానం చేయడం, గాలి ఆడని మూసిన కొలనును ఎంచుకోకపోవడం ఇక్కడి జాగ్రత్తలు.

ఎనిమిదవ మెట్టు: సొంతంగా క్లోరిన్ కలుపుకొనేవారికి

ముందు నీటిని తేటపరచాలి. మట్టి, ఆకులు, నాచు ఉన్న నీటిని పటికతో తేరనిచ్చి, వడకట్టిన తరువాతే క్లోరిన్ కలపాలి. ట్యాంకు అడుగున పేరుకున్న ఒండును తీయకుండా క్లోరిన్ మోతాదును పెంచుకుంటూ పోవడం ఉపోత్పన్నాలను చేజేతులా తయారుచేసుకోవడమే.

మోతాదును లెక్కగట్టడం కష్టం కాదు. తేటనీటికి లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ సరిపోతుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. 1,000 లీటర్ల ట్యాంకుకు 2,000 మిల్లీగ్రాములు కావాలి, అంటే 40 మిల్లీలీటర్లు. ఇదే లెక్కన 20 లీటర్ల పాత్రకు 0.8 మిల్లీలీటరు. బాగా కలిపి 30 నిమిషాలు ఆగి, మిగులు క్లోరిన్‌ను కిట్‌తో చూడాలి. ఆ సమయానికి పీహెచ్ 8 కంటే తక్కువగా ఉండి, మిగులు క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండాలనీ, వాడుకొనే చోట కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అంతకు తక్కువైతే మరికొంత కలపాలి. మరీ ఎక్కువగా మిగిలితే మరుసటిసారి మోతాదును తగ్గించాలి. సువాసనలు, ఇతర కలుపులు ఉన్న బట్టల బ్లీచ్‌ను ఎన్నడూ వాడకూడదు.

ద్రావణం వయసును చూడడం చాలామంది మరచిపోయే సంగతి. హైపోక్లోరైట్ నిలవ ఉన్నకొద్దీ బలం కోల్పోతూ క్లోరేట్‌గా మారుతుంది, ఎండలో, వేడిలో ఇది ఎంతో వేగంగా జరుగుతుంది. బలం తగ్గిందని ఎక్కువ పోస్తే క్లోరేట్ రెండు విధాలా పెరుగుతుంది. చిన్న సీసాలలో కొని, నీడలో చల్లని చోట ఉంచి, తయారీ తేదీ చూసి వాడాలి. నీటిని వారానికి సరిపడా కాక, ఒకటి రెండు రోజులకు సరిపడా నింపుకోవాలి.

తొమ్మిదవ మెట్టు: సరఫరా సంస్థను అడగవలసిన ప్రశ్నలు

అసలైన తగ్గింపు జరిగేది శుద్ధి కేంద్రంలోనే. మొదటి ప్రశ్న, క్లోరిన్‌ను మొదటిసారి ఎక్కడ కలుపుతున్నారు అన్నది. ముడినీటికే కలిపితే సేంద్రియ పదార్థమంతా చర్యలో పాల్గొంటుంది. పటికతోనో ఇనుప లవణంతోనో గడ్డకట్టించి, తేర్చి, వడకట్టిన తరువాత కలిపితే ముడిసరుకు అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. మొత్తం సేంద్రియ కార్బన్‌ను ముడినీటిలోనూ శుద్ధి నీటిలోనూ కొలుస్తున్నారా అన్నది రెండవ ప్రశ్న. గొట్టాలలో నీటి వయసు ఎంత, చివరి గొట్టాలను ఎప్పుడెప్పుడు కడుగుతున్నారు, నమూనాలు చివరి వీధుల నుంచి తీస్తున్నారా అన్నవి తరువాతివి.

జవాబుగా ఏదైనా కొత్త పద్ధతి పేరు చెబితే, దాని వెనుక వచ్చేదేమిటో కూడా అడగాలి. వాషింగ్టన్ నగరంలో ఉపోత్పన్నాలను తగ్గించడానికి 2000లో క్లోరిన్ స్థానంలో క్లోరామిన్‌ను మిగులు క్రిమిసంహారకంగా మార్చారు. గొట్టాల లోపలి పొర రసాయనం మారి, తరువాతి సంవత్సరాలలో కుళాయి నీటిలో సీసం ప్రమాదకరంగా పెరిగింది. లాస్ ఏంజిలిస్‌లో తెరిచిన జలాశయంలో బ్రోమైడ్, క్లోరిన్, ఎండ మూడూ కలిసి బ్రోమేట్ పుట్టడంతో, 2008లో ఐవన్‌హో జలాశయం మీద ఎండ పడకుండా నల్లని ప్లాస్టిక్ బంతులను పరిచారు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరును నదికి మార్చిన తరువాత నీటిలో బ్యాక్టీరియా కనిపించి, క్లోరిన్ పెంచితే, ట్రైహాలోమీథేన్లు పరిమితిని దాటాయి. నెదర్లాండ్స్ మాత్రం వనరుల రక్షణ, పలు అంచెల వడపోత, లీకులు తక్కువగా ఉండే గొట్టాలను ఏర్పరచుకున్న తరువాతే క్లోరిన్ వాడకాన్ని పూర్తిగా విడిచిపెట్టింది. ఆ వరుసను తలకిందులు చేసి, వడపోత లేకుండా క్లోరిన్‌ను మానుకోవడానికి ఎవరూ ఆ దేశాన్ని ఉదాహరణగా చూపకూడదు.

సంస్థ క్లోరామిన్‌కు మారుతున్నట్లు ప్రకటిస్తే, ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవారు వెంటనే తమ వైద్య బృందానికి చెప్పాలి. డయాలసిస్ నీటిలో క్లోరామిన్ మిగిలితే రక్తకణాలు పగిలిపోతాయి, దాన్ని తీయడానికి ప్రత్యేకమైన కార్బన్ ఏర్పాటు కావాలి.

ఫిల్టరు అమర్చిన తరువాత ఫిల్టరుకు ముందు ఒక నమూనా, తరువాత ఒక నమూనా ఒకే రోజు తీయించండి. ఫిల్టరు ఆయువు ముగిసే సమయానికి, మార్చడానికి కొద్ది రోజుల ముందు, మరోసారి తీయించండి. ఆ రెండవ ఫలితంలో ట్రైహాలోమీథేన్లు మళ్లీ కనిపిస్తే, మీ నీటికి తయారీదారు చెప్పిన లీటర్ల లెక్క చాలా ఎక్కువని అర్థం. ఆ లెక్కను సగానికి తగ్గించి మార్చుకోవడం మొదలుపెట్టండి.